మైకులో రెండో గొంతు

తవిటమ్మ నోరు తెరిచిన ప్రతిసారీ మైకు మూగబోతోంది. ఈ మాట దగ్గరే కిందటి వారం మనం కథని విడిచాం. పోర్ట్ బ్లెయిర్ చేపలవాళ్ళ పేట పోలమ్మవాడ పడవలన్నిటినీ తీరం మీంచి లేపి సిప్పీఘాట్ వైపు మడచెట్ల మధ్య పాయలోకి తరిమేసి, ఆ జాగాలో షికారు పడవల క్లబ్బు కట్టాలని దీవి బయటినుంచి వచ్చిన ఒక కంపెనీ తలపెట్టింది. వాడ జనం ఏమంటారో వినడానికి ఢిల్లీ అధికారి ఒకాయన డెలానీపూర్ కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాడు. మొదటి విచారణలో మగవాళ్ళు కోపం ఆపుకోలేక కేకలేసి లేచిపోతే, అభ్యంతరం చెప్పినవాళ్ళు ఎవరూ లేరని తేల్చేశారు. ఇది రెండోసారి, ఆఖరిసారి కూడా. అందుకే వాడ పెద్ద గవరయ్య బాగా ఆలోచించి, చనిపోయిన తన తమ్ముడు యర్రయ్య భార్య తవిటమ్మని మాట్లాడమన్నాడు. ఆమెకి కోపం రాదు, వచ్చినా మాట తడబడదు. తెలుగు బడిలో సైన్సు చెప్పే సీతారత్నం ఆమె మాటల్ని హిందీలో అధికారికి వినిపించడానికి ఒప్పుకుంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి ఇలాంటి వాటిలో తలదూరిస్తే దీవుల చిట్టచివరనున్న కాంప్‌బెల్ బేకి బదిలీ తప్పదని హెడ్‌మాస్టరు ముందే హెచ్చరించినా ఆమె వచ్చింది.

వచ్చిన పని మాత్రం ముందుకు సాగడం లేదు.

"సాబ్, మాది పోలమ్మ..." అంది తవిటమ్మ. అంతే. స్పీకర్లలోంచి బరబరమని ఇసుక రాల్చినట్టు శబ్దం వచ్చింది. తర్వాత అదీ లేదు. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం ముందు వరసకి కూడా చేరడం లేదు. పైన ఫ్యాన్ల గోల, పక్కన పిల్లల ఏడుపు. అధికారి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విని, విసుగ్గా దించేశాడు.

సభలో పలికిన ప్రతి మాటా మైకులోంచి నేరుగా రికార్డింగు యంత్రంలోకి పోతోంది. ఢిల్లీలో వినేది ఆ రికార్డింగునే. మైకులో పడని మాట ఎంత గట్టిగా అరిచినా పలకనట్టే. సీతారత్నం అందుకే ఇంకో దారి కోసం చుట్టూ చూసింది.

వేదిక మీద తీగ ఉన్న మైకు ఒకటి ఉంది. తవిటమ్మని అక్కడికి వచ్చి మాట్లాడనివ్వమని సీతారత్నం అడిగింది. సభ నడిపిస్తున్న గుమాస్తా ససేమిరా అన్నాడు. అది అధికారుల కోసం పెట్టింది, జనానికి చేతి మైకు ఇచ్చాంగా అన్నాడు. అధికారే కల్పించుకుని రానిమ్మన్నాడు గానీ ఈసారి తవిటమ్మ ఒప్పుకోలేదు.

"ఒద్దు పంతులమ్మా. నానొక్కదాన్నే అక్కడికెక్కి నిలబడితే నా మాటే అంటారు. ఇది మా అందరి మాట. మావోల మధ్యనే నిలబడి సెప్తాను," అంది.

ఆమె చుట్టూ వాడ ఆడవాళ్ళందరూ కూర్చుని ఉన్నారు, హాలు చిట్టచివర, చేపల బజారు నుంచి నేరుగా వచ్చిన చీరలతోనే. కాళమ్మ, అమ్మడు, గురువమ్మ. వాళ్ళ ముఖాలు చూశాక సీతారత్నం ఇంక వాదించలేదు. మైకు బాగుపడాలి, అంతకంటే దారి లేదు.

మైకుసెట్టు బతు బస్తీ జోగులుది. పెళ్ళిళ్ళకీ పూజలకీ మీటింగులకీ అతనే దిక్కు. తీగ లేని మైకులు పోర్ట్ బ్లెయిర్‌కి అప్పుడప్పుడే వస్తున్నాయి. అతను ముచ్చటపడి తెప్పించుకున్న సెట్టు ఇది. మైకు గాలిలోంచి పంపే మాటని పట్టుకునే పెట్టె ఒకటి కిటికీ పక్కన బల్ల మీద ఉంది, రెండు చిన్న కొమ్ముల్లాంటి ఏరియల్స్ నిలబెట్టుకుని. దాని ముందు కూర్చుని జోగులు చెమటలు తుడుచుకుంటున్నాడు.

అప్పటికే చేతనైనవన్నీ చేశాడు. సెల్స్ మార్చాడు. మైకు గొట్టం విప్పి లోపల తుడిచాడు. పెట్టెని ఇనప బీరువా పక్కనుంచి తీసి విడిగా పెట్టాడు. ఏరియల్స్ అటు వంచాడు, ఇటు వంచాడు. మైకు తన చేతిలో పట్టుకుని, బల్ల దగ్గర నిలబడి "హలో, హలో, చెక్" అంటే గంటలా మోగుతోంది. తవిటమ్మ చేతికి వెళ్ళేసరికి చచ్చిపోతోంది.

"దూరం ఎక్కువైంది టీచరమ్మా," అన్నాడు. "అంత దూరం లాగడం లేదు."

పోయిన నెల బడి వార్షికోత్సవంలో ఇదే సెట్టు ఇంతకి రెండింతలున్న మైదానం చివరి దాకా లాగింది. సీతారత్నం స్వయంగా ఆ చివర నిలబడి మాట్లాడింది. ఆ మాటే అతనికి గుర్తు చేసింది. జోగులు తల గోక్కున్నాడు. ఆ రోజు బాగానే పలికింది, నిజమే.

అధికారి వాచీ చూసుకున్నాడు. మధ్యాహ్నం విమానానికి వెళ్ళాలని, చెప్పాల్సింది తొందరగా చెప్పమని గుమాస్తా ద్వారా కబురు పంపాడు. వెనక వరసల్లో గొణుగుడు మొదలైంది. ఇదంతా కావాలని చేస్తున్నారని ఎవరో కుర్రాడు అన్నాడు. మొదటి విచారణలో లాగే మగవాళ్ళు ఒకరొకరే లేవబోతున్నారు. ముందు వరసలో ఊతకర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్న గవరయ్య వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాడు. లేచినవాళ్ళు కూర్చున్నారు. ఆయన మళ్ళీ ముందుకి తిరిగాడు. ఆ చూపు ఎంతసేపు పనిచేస్తుందో సీతారత్నానికి తెలియదు.

ఆమె బల్ల దగ్గరే నిలబడి ఆలోచించింది. దగ్గర్లో పలుకుతోంది, దూరంలో పలకడం లేదు. సెల్స్ కొత్తవి. ఏరియల్స్ బాగున్నాయి. మైకులో ఏ లోపమూ లేదు. అయితే మైకుకీ పెట్టెకీ మధ్య ఇంకేదో వచ్చి పడుతోంది. మైకు దగ్గరగా ఉంటే దాని మాట గెలుస్తోంది, దూరంగా ఉంటే ఓడిపోతోంది. ఓడిపోతోందంటే గెలిచేది ఇంకొకటి ఉండాలి.

"జోగులు భయ్యా, మన మైకు పూర్తిగా ఆపించు," అంది.

అతను సైగ చేశాడు. వెనక తవిటమ్మ పక్కన ఉన్న అమ్మడు మైకు మీట నొక్కింది. అదే సమయంలో జోగులు చెయ్యి అలవాటుగా పెట్టె మీది మరకి వెళ్ళింది, శబ్దం తగ్గించడానికి. మైకు ఆపేటప్పుడూ వేసేటప్పుడూ స్పీకర్లలో డబ్ అని కొట్టకుండా అతనెప్పుడూ అలాగే చేస్తాడు. పొద్దుటినుంచి సెల్స్ మార్చిన ప్రతిసారీ అలాగే చేశాడు.

సీతారత్నం అతని చెయ్యి పట్టుకుంది. "తగ్గించకు. ఉండనీ."

తవిటమ్మ మైకు ఆగిపోయింది. పెట్టె మీది చిన్న ఎర్ర దీపం మాత్రం ఆరలేదు. ఆ దీపం మైకు పలుకుతోందనడానికి గుర్తు. జోగులు దాన్ని తేరిపార చూశాడు. అంతలో హాల్లోని నాలుగు స్పీకర్లలోంచి ఒక మగగొంతు, పక్కనే కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా, హిందీలో పలికింది.

"...సిప్పీఘాట్‌లో జెట్టీయా? అది ఎవరు కడతారయ్యా? ముందు ఈ పడవలు ఇక్కణ్ణుంచి కదలనీ. కదిలాక ఎవడు అడుగుతాడు? ఆవిడ మాట్లాడబోతే మైకు ఎలాగూ పోతోంది. ఈ పూట గడిస్తే చాలు. పెద్దసారు మధ్యాహ్నం విమానం ఎక్కేస్తాడు."

పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఊపడం ఆపేశారు. ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి ఎవరికీ ఆట్టే సేపు పట్టలేదు. కంపెనీ మేనేజరు గోవిందరాజులుది. పడవలు తరలించిన చోట కొత్త జెట్టీ, ఐసు గోదాము, రోడ్డు అన్నీ కట్టిస్తామని వాడలో ఇల్లిల్లూ తిరిగి, ఇందాక ఇదే వేదిక మీద అధికారికి కూడా చెప్పి, టీ తాగడానికని బయటికి వెళ్ళిన మనిషి.

జోగులు మొహం పాలిపోయింది. హాలు ఆవరణలో, సరిగ్గా ఈ కిటికీ అవతల, కంపెనీవాళ్ళు షామియానా వేసి క్లబ్బు నమూనా బొమ్మ పెట్టారు. వచ్చినవాళ్ళకి టీ ఇస్తూ, విచారణ మొదలయ్యేదాకా మైకులో దాని గురించి చెప్పించారు. ఆ మైకు కూడా జోగులు ఇచ్చిందే.

"రెండు సెట్లూ ఒక్కసారే తెప్పించాను దీదీ," అన్నాడు గొంతు తగ్గించి. "రెండూ గాలిలో ఒకటే నంబరు మీద పలుకుతాయి. ఎప్పుడూ వేరు వేరు చోట్ల పెట్టేవాణ్ణి. ఇవాళే పక్కపక్కన పెట్టాను. నాకు తట్టలేదు."

అదీ సంగతి. ఒకే బాణీలో రెండు మైకులు పలుకుతుంటే పెట్టె దేన్ని వినాలి? దగ్గరున్న దాన్నే వింటుంది. కిటికీ అవతల ఉన్న గోవిందరాజులు ఈ బల్లకి నాలుగు అడుగుల్లో ఉన్నాడు. తవిటమ్మ హాలు చివర ఉంది. ఎవరూ కుట్ర పన్నలేదు, ఎవరూ తీగ కొయ్యలేదు. తన చేతిలో మైకు వెలుగుతోందన్న ధ్యాస లేకుండా ఆ పెద్దమనిషి టీకి వెళ్ళినప్పట్నుంచీ పచార్లు చేశాడు, అంతే. ఆయన మాట్లాడనంతసేపూ ఆ ఖాళీ మైకే తవిటమ్మ మాటని నొక్కేసింది. బయట తన పెట్టె దగ్గర శబ్దం తగ్గించి ఉంచాడు కాబట్టి తన మాట ఎక్కడా వినిపించడం లేదనుకున్నాడు.

అధికారి గుమాస్తాకి ఏదో చెప్పాడు. గుమాస్తా బయటికి పరుగెత్తాడు. కాసేపటికి స్పీకర్లలో "సార్ పిలుస్తున్నారు" అన్న గుమాస్తా గొంతు వినిపించింది. "ఇప్పుడా? ఏం కావాలిట?" అన్న గోవిందరాజులు గొంతు వినిపించింది. తర్వాత బూట్ల చప్పుడు, మెట్లెక్కుతున్న ఆయాసం. గుమ్మంలో అడుగుపెట్టి ఆయన చేతులు జోడించి "నమస్తే సార్" అనేసరికి ఆ నమస్తే నాలుగు మూలల్నుంచీ తిరిగి ఆయన మీదే పడింది.

వెనక కాళమ్మ పక్కున నవ్వింది. ఆ నవ్వు వరసలు దాటి ముందుకి పాకింది.

గోవిందరాజులు చేతిలో మైకు చూసుకున్నాడు. మొహంలో రంగు మారినా మాట మాత్రం మారలేదు. ఏదో తన మనిషితో హాస్యానికి అన్న మాటని ఇలా చాటుగా వినడం మర్యాద కాదన్నాడు. సర్కారు జీతం తీసుకుంటూ జనాన్ని రెచ్చగొట్టే పంతులమ్మల సంగతి కూడా పైవాళ్ళు చూడాలన్నాడు. అంటూ సీతారత్నం వైపే చూశాడు.

ఆమె తండ్రి ఇదే డెలానీపూర్‌లో ముప్పై ఏళ్ళు ఆఫీసు పని చేసి, ఎవరి ముందూ గొంతు ఎత్తకుండా రిటైరయ్యాడు. ఉద్యోగం పదిలంగా ఉండాలంటే నోరు పదిలంగా ఉండాలని ఆమెకీ నేర్పాడు. ఆ మాట ఇప్పుడూ గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, ఆమె రెండడుగులు ముందుకి వేసి ఆయన ఎదురుగా నిలబడింది.

"మీ మాట మేము చాటుగా వినలేదండీ. మీరే మా మైకులో మాట్లాడారు," అంది. "దయచేసి మీది ఆపండి. మా తవిటమ్మక్క మాట్లాడాలి."

ఆయన అధికారి వైపు చూశాడు. అధికారి ముఖం రాయిలా ఉంది. ఆ మాటలు హాస్యమో కాదో తర్వాత తీరిగ్గా అడుగుతానని, అవి రికార్డింగులో పడ్డాయి కాబట్టి తొందరేమీ లేదని, ముందు ఆ మైకు ఆపమని ఆయన చెప్పాడు. గోవిందరాజులు బొటనవేలితో మీట నొక్కాడు. పెట్టె మీద ఎర్ర దీపం ఆరిపోయింది.

సీతారత్నం వెనక్కి తిరిగి చెయ్యెత్తింది. దీపం మళ్ళీ వెలిగింది.

"సాబ్," అంది తవిటమ్మ.

ఆ ఒక్క మాట హాలు నిండా పరుచుకుంది. ఇసుక రాలలేదు, తెగలేదు. తవిటమ్మ తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంక ఆగలేదు.

తన అత్తామామలు భీమిలి అవతలి ఊరినుంచి ఓడెక్కి వచ్చిన సంగతి చెప్పింది. పడవలు వేసుకోండి, చేపలు పట్టండి, ఈ కొత్త ఊరికి తిండి పెట్టండి అని ఆ తీరాన్ని వేలుపెట్టి చూపించింది సర్కారే అని చెప్పింది. వర్షాకాలంలో ఓడ రాక ఊళ్ళో కూరగాయలు లేని రోజుల్లో కూడా పోలమ్మవాడ గంపలు ఇంటింటికీ తిరిగాయంది. సీతారత్నం ఒక్కో ముక్కా హిందీలో అందిస్తోంది. కొన్నిచోట్ల ఆమె అవసరమే రాలేదు. తవిటమ్మ తెలుగులోంచి హిందీలోకి, హిందీలోంచి తెలుగులోకి, వాకిట్లోంచి ఇంట్లోకి నడిచినంత తేలిగ్గా వెళ్ళి వస్తోంది.

"సిప్పీఘాట్ పాయలో పోటున్నంతసేపే నీల్లు సాబ్. పాటు పడిందంటే కీచడ్, ఒట్టి బురద. పడవ పక్కకి ఒరిగి పడుంటాది. మల్లీ పోటొచ్చేదాకా మా మగోలు ఒడ్డునే కూకోవాల. మా ఆడోలు గంపలు నెత్తినెట్టుకుని ఆ బురదలో దిగాల. అది మొసలున్న పాయ. మావు జాగా అడగడం లేదు. ఇచ్చిన జాగాలో ఉండనీమంటన్నాం. అంతే."

అప్పుడు సీతారత్నం చెవికి ఒక చిత్రమైన సంగతి తగిలింది. తవిటమ్మ మాట హాల్లో ఒకసారి, కిటికీ అవతల ఇంకోసారి వినిపిస్తోంది. జోగులు కిటికీలోంచి తొంగిచూసి, నోరు తెరుచుకుని, వెనక్కి తిరిగాడు. కంపెనీ షామియానా దగ్గర పెట్టెకి తన మైకు ఆగిపోయాక వినడానికి మిగిలింది తవిటమ్మ మైకు ఒక్కటే. శబ్దం ఎందుకు తగ్గిపోయిందా అని అక్కడి మనిషి మర పెంచినట్టున్నాడు. బజారు వైపుకి తిప్పి కట్టిన కంపెనీ స్పీకర్లలోంచి, కంపెనీ జెండాల కిందనుంచి, తవిటమ్మ గొంతు డెలానీపూర్ రోడ్డంతా మోగుతోంది.

గోవిందరాజులుకీ అది వినిపించింది. ఆపమని తన మనిషికి కిటికీలోంచి సైగ చేశాడు. ఆ మనిషి చెయ్యి చాపేలోగా బయట ఆగిన జనం అడ్డం నిలబడ్డారు. ఆటోవాళ్ళు, ఆఫీసుల్లోంచి భోజనానికి బయల్దేరినవాళ్ళు, టీ తాగుతున్న బెంగాలీ, తమిళ దుకాణదారులు. "రహ్‌నే దో భయ్యా, ఉండనీ, వింటున్నాం," అన్నారు. అవి తాము రోజూ చేపలు కొనే తల్లి మాటలు. కాసేపటికి హాలు గుమ్మాలు నిండిపోయాయి. కిటికీ ఊచలు పట్టుకుని మనుషులు వేలాడారు.

తవిటమ్మ చివరికొచ్చింది. తమ మాట నమ్మనక్కర్లేదని, సాబే పాటు సమయంలో ఒక్కసారి పడవెక్కి సిప్పీఘాట్ దాకా వచ్చి, కళ్ళారా చూసి, చూసింది రాసుకుంటే చాలని అంది. చప్పట్లు ముందు రోడ్డు మీద మొదలై, తర్వాత హాల్లోకి వచ్చాయి. సీతారత్నం ఆ ఆఖరి మాటల్ని హిందీలో చెప్పబోయింది గానీ చప్పట్ల హోరుకి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. అమ్మడు ఏడుస్తోంది, నవ్వుతోంది. జోగులు మర మీద చెయ్యి తియ్యకుండానే మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

అధికారి చప్పట్లు ఆగేదాకా ఆగాడు. విమానం టికెట్టు రేపటికి మార్చమని గుమాస్తాకి చెప్పాడు. పొద్దున పాటు పడే వేళకి తానే సిప్పీఘాట్ పాయలోకి వెళ్తానన్నాడు. గోవిందరాజులు వెంటనే కంపెనీ స్పీడుబోటు సిద్ధంగా ఉందన్నాడు. అధికారి అక్కర్లేదన్నాడు. ఈ జనం దేంట్లో వెళ్తారో దాంట్లోనే వెళ్తానని, పాయలో చుక్కాని పట్టగల మంచి మనిషిని ఇవ్వమని వాడవాళ్ళని అడిగాడు.

మగవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ పాయ పోకడ తెలిసినవాడు యర్రయ్యేనని, అతను పోయి రెండేళ్ళయిందని, అతనిలా ఆ మలుపుల్లో పడవని తిప్పినవాళ్ళు ఇంకెవరూ లేరని ఎవరో చెప్పారు. గోవిందరాజులు పెదవుల మీదికి చిన్న నవ్వు తిరిగొచ్చింది.

"చుక్కాని నాను పడతాను," అంది తవిటమ్మ.

మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. మాట హాల్లోనూ రోడ్డు మీదా ఒక్కసారే పడింది. బయటివాళ్ళు చప్పట్లు కొట్టారు. వాడవాళ్ళు కొట్టలేదు. పోలమ్మవాడలో ఆడది పడవ తొయ్యొచ్చు, వల అల్లొచ్చు, గంప మొయ్యొచ్చు. చుక్కాని ముట్టుకోవడం మాత్రం అమ్మతల్లికి అపచారం. ఈ కట్టుబాటు ఓడలో వాళ్ళతోపాటే వచ్చింది.

తవిటమ్మ తల దించుకోలేదు.

"నా పెనిమిటికి ఆకరి నాలుగేల్లూ కల్లు కనపడలేదు. మీకెవరికీ తెలీదు. ఆయన పరువు పోకూడదని సెప్పలేదు. ఆయన తుండుగుడ్డ నెత్తికి సుట్టుకుని చీకటితోనే నాను ఎల్లేదాన్ని. ఆ మలుపులు తిప్పింది నా సెయ్యి. తప్పయితే ఆ తప్పు ఎప్పుడో అయిపోయింది. రేపు ఇంకోపాలి సేస్తాను."

సీతారత్నం ఆ మాటల్ని హిందీలోకి మార్చడం మర్చిపోయింది. తవిటమ్మతో ఇన్నాళ్ళ స్నేహంలో ఈ మాట ఎప్పుడూ వినలేదు. వాడ మగవాళ్ళు అధికారి వైపు చూడడం లేదు, గోవిందరాజులు వైపు చూడడం లేదు. అందరి చూపూ ముందు వరస మీదే ఉంది.

గవరయ్య లేచాడు. ఊతకర్ర పక్కవాడికి ఇచ్చి, బాట చేసుకుంటూ హాలు చివరికి నడిచాడు. మరదలి ముందు నిలబడి చెయ్యి చాపాడు. తవిటమ్మ ఒక్క క్షణం ఆలోచించి మైకు ఇచ్చింది. ఆయన దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకున్నాడు. కిటికీ పక్కన పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

"చుక్కాని నువ్వు పట్టినావని నాకు ఎరికే, తవిటీ," అన్నాడు. "మా తమ్ముడు పోయేముందర నాకే సెప్పాడు. దాంతోపాటు ఇంకో మాట కూడా సెప్పాడు. అది నీకు సెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నాడు. ఆ ఒట్టు ఇయ్యాల ఇక్కడే గట్టు మీదెట్టేస్తన్నాను."